తొమ్మిదో తరగతిలోనే తెరుచుకునే దస్త్రం

అమెరికాలో హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు సాగే నాలుగేళ్ల చదువు. కళాశాల ప్రవేశం అక్కడ ఏ ఒక్క పరీక్షతోనూ తేలిపోదు కాబట్టి, ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజే భవిష్యత్తు ఖాయమైపోవడం చూసి పెరిగిన తెలుగు తల్లిదండ్రులకు ఆ పద్ధతి తొలిచూపులో సులువుగానూ, లోతుకు దిగినకొద్దీ అంతుచిక్కనిదిగానూ కనిపిస్తుంది. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో మొదలుకొని న్యూజెర్సీలోని ఎడిసన్ దాకా తెలుగువారు స్థిరపడిన చోట్ల ఈ సన్నాహం ఇంటింటి చర్చ. అయితే ఆ చర్చ ఎక్కువగా ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష స్కోరు చుట్టూ, దరఖాస్తు వ్యాసాల చుట్టూ, అంటే చివరి ఏడాదిన్నర చుట్టూ తిరుగుతుంది. తర్వాత దిద్దుకోవడానికి కష్టమైన నిర్ణయాలు మాత్రం అంతకు ముందే, ఎవరూ పెద్దగా పట్టించుకోని వేళ జరిగిపోతాయి.

వాటిలో మొదటిది గణితం. అమెరికా బడుల్లో ఒకే తరగతిలోని పిల్లలందరూ ఒకే లెక్కలు చదవరు. సాధారణంగా ఆల్జీబ్రా ఒకటి, జామెట్రీ, ఆల్జీబ్రా రెండు, ప్రీకాల్‌క్యులస్, కాల్‌క్యులస్ అనే వరుసలో ఏడాదికొక కోర్సు చొప్పున సాగాలి. ఆల్జీబ్రా ఒకటిని ఎనిమిదో తరగతిలో ముగించిన విద్యార్థికి పన్నెండులో కాల్‌క్యులస్ అందుతుంది. తొమ్మిదిలో మొదలుపెట్టినవారు వేసవి తరగతులకు వెళ్తేనో, ఒకే ఏడాది రెండు కోర్సులు చేస్తేనో తప్ప ప్రీకాల్‌క్యులస్ దగ్గరే ఆగిపోతారు. ఇంజనీరింగ్ కోరేవారి నుంచి పేరున్న కళాశాలలు కాల్‌క్యులస్ ఆశిస్తాయి గనుక, ఇంకా హైస్కూల్ గడప తొక్కని పిల్లల విషయంలో మిడిల్ స్కూల్ తీసుకునే ఈ నిర్ణయం బరువు చిన్నది కాదు.

హైస్కూల్లో ఇలా ఎంచుకున్న కోర్సులన్నీ చివరికి చేరేది ట్రాన్‌స్క్రిప్ట్‌లోకి, అంటే నాలుగేళ్ల కోర్సులూ వాటిలో వచ్చిన గ్రేడ్లూ నమోదైన అధికారిక పత్రంలోకి. దరఖాస్తులో దీన్ని మించిన కాగితం లేదు. గ్రేడ్ల సగటును జీపీఏ అంటారు. దాని గరిష్ఠం మామూలుగా 4.0 అయినా, కఠినమైన కోర్సులకు అదనపు విలువ కట్టే బడుల్లో 5.0 వరకూ వెళ్తుంది. అటువంటి కోర్సుల్లో బాగా ప్రచారంలో ఉన్నవి ఏపీ కోర్సులు, అంటే కాలేజ్ బోర్డ్ అనే సంస్థ రూపొందించిన, హైస్కూల్లోనే కళాశాల స్థాయి పాఠాలు చెప్పే తరగతులు. వాటికి మే నెలలో జరిగే పరీక్షల్లో 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. ఎన్ని ఏపీలు చేస్తే చాలన్నది తెలుగు ఇళ్లలో తెగని ప్రశ్న. దానికి అంకెల్లో జవాబు లేదు. ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు బడి కౌన్సెలర్ ‘స్కూల్ ప్రొఫైల్’ను కూడా పంపుతారు. ఆ బడిలో ఏయే కోర్సులు దొరుకుతాయో, గ్రేడ్లు ఎలా వేస్తారో అందులో ఉంటుంది కాబట్టి, అయిదే దొరికే చోట నాలుగు చేసిన విద్యార్థి పాతిక దొరికే చోట ఎనిమిది చేసినవారికి తీసిపోనక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తొమ్మిదో తరగతి కోర్సులను అర్హతకు లెక్కించినా వాటి గ్రేడ్లను జీపీఏలో కలపదు. కొత్త బడిలో తొలి ఏడాది తడబడిన పిల్లలకు ఇది చిన్న ఊరట.

టెక్సస్‌లో ఆ ఊరట లేదు. 1997లో చేసిన చట్టం ప్రకారం ఆ రాష్ట్ర హైస్కూళ్లలో తరగతి ర్యాంకు మొదటి పది శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం లభిస్తుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం మాత్రం ఆ గీతను 2026 ప్రవేశాల నుంచి అయిదు శాతానికి కుదించింది. దరఖాస్తు నాటికి, అంటే పదకొండో తరగతి ముగిసేసరికి ఉన్న ర్యాంకే ఇందులో ప్రధానం కనుక తొమ్మిదో తరగతి గ్రేడ్లూ అందులో భాగమే. చట్టం సీటుకే హామీ ఇస్తుంది తప్ప కంప్యూటర్ సైన్స్ వంటి కోరుకున్న విభాగానికి ఇవ్వదు. ఎంసెట్‌ను దాటి వచ్చామనుకున్న కుటుంబాలకు ర్యాంకు ఇక్కడ మరో వేషంలో ఎదురవుతుంది; ఈసారి పోటీ రాష్ట్రమంతటితో కాదు, పక్కింటి పిల్లలతో.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1600 మార్కుల ఎస్ఏటీ 2024 నుంచి అమెరికాలో కంప్యూటర్ మీద జరుగుతోంది. దానికి నమూనాగా పదకొండో తరగతి అక్టోబరులో రాసే పీఎస్ఏటీయే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు అర్హత పరీక్ష కూడా. కోవిడ్ కాలంలో చాలా కళాశాలలు స్కోరు పంపడాన్ని ఐచ్ఛికం చేయగా, ఎంఐటీ 2022లోనూ, డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ 2024లోనూ ఆ వెసులుబాటుకు స్వస్తి చెప్పాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇప్పటికీ స్కోరును చూడనే చూడదు.

గ్రేడ్లతో పాటు వ్యక్తిత్వం, ఆసక్తులు, నేపథ్యం అన్నింటినీ కలిపి తూచడాన్ని సమగ్ర పరిశీలన అంటారు. దీని మూలాలు అంత ఉదాత్తమైనవి కావు: 1920లలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ యూదు విద్యార్థుల సంఖ్యను తగ్గించడానికే ‘శీలం’ వంటి అస్పష్టమైన కొలమానాలను ముందుకు తెచ్చాయి. నేడు వెయ్యికి పైగా కళాశాలలు స్వీకరించే కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తులో విద్యార్థి కార్యకలాపాలకు పది గళ్లు, ఒక్కో గడిలో వివరణకు 150 అక్షరాల చోటు, వ్యాసానికి 650 పదాల పరిమితి ఉంటాయి. పదో గడి నింపడానికే పెట్టిన స్వచ్ఛంద సేవా సంఘం కంటే, నాలుగేళ్లు విడవకుండా సాగిన కూచిపూడి శిక్షణో, తమ్ముడిని చూసుకున్న ఇంటి బాధ్యతో ఎక్కువ చెబుతుంది. కుటుంబ బాధ్యతలను రాయడానికి ఆ దరఖాస్తులోనే ఒక వర్గం ఉందన్న విషయం చాలామంది గమనించరు.

డబ్బు విషయంలో ఆలస్యం మరీ ఖరీదు. ఫెడరల్ ఆర్థిక సాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు నింపాలి. అది రెండేళ్ల కిందటి ఆదాయాన్ని చూస్తుంది కాబట్టి, 2027 ఆగస్టులో కళాశాలలో చేరే విద్యార్థి విషయంలో లెక్కకొచ్చేది 2025 ఆదాయం, అంటే పదో తరగతి రెండో సగం, పదకొండో తరగతి మొదటి సగం సాగిన కాలం. తల్లిదండ్రుల హెచ్-1బీ వీసాపై ఆధారపడి హెచ్-4 హోదాలో ఉన్న పిల్లలకు ఆ సాయం అందదు. పైగా 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోతుంది గనుక, చదువు మధ్యలోనే ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారవలసి రావచ్చు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి వేచి ఉన్న కుటుంబాలు ఈ సంగతిని తొమ్మిదో తరగతిలోనే లెక్కలోకి తీసుకోవడం మంచిది.

పన్నెండో తరగతికి మిగిలేది ప్రధానంగా తేదీల పని. సీటు వస్తే చేరి తీరతామని ముందే కట్టుబడే ‘ఎర్లీ డెసిషన్’కు ఎక్కువ చోట్ల నవంబరు మొదటి సగంలోనే గడువు ముగుస్తుంది. ఆ మాట ఇచ్చినవారికి వేర్వేరు కళాశాలల ఆర్థిక సాయాన్ని పోల్చి చూసుకునే వీలుండదు కాబట్టి ఖర్చు గురించి ఆలోచించే కుటుంబాలకు అది తగిన దారి కాదు. మిగతావారు సాధారణంగా మే 1 నాటికి తమ నిర్ణయం చెప్పాలి. దానితోనూ దస్త్రం మూసుకోదు: చదువు ముగిశాక బడి తుది ట్రాన్‌స్క్రిప్ట్‌ను పంపుతుంది, చివరి సెమిస్టర్ గ్రేడ్లు బాగా పడిపోతే ఇచ్చిన సీటును వెనక్కి తీసుకునే హక్కు కళాశాలకు ఉంటుంది.