మీకు తెలుసా? ఎర్రగుడి బండ మీద గ్రీకు రాజులు!

చాగలమర్రి నుంచి వజ్రాల వేటకు జొన్నగిరి పోతున్నారా? ఒక్కసారి తలెత్తి చూడండి! దగ్గర్లోనే ఎర్రగుడి బండలు. వాటి నిండా అశోకుడి శాసనాలు! 13వ శాసనంలో ఐదుగురు గ్రీకు రాజుల ప్రస్తావన! సిరియా ఏలిన ఆంటియోకస్ అశోకుడి నోట ‘అంతియోక’ అయిపోయాడు!

అసలు తమాషా ఇప్పుడు వినండి! బ్రాహ్మీ ఎడమ నుంచి కుడికి నడిచే లిపి. మరి ఎర్రగుడి చిన్న శాసనంలో? ఒక వరుస కుడికి పోతుంది. ఇంకొకటి ఎడమకు వస్తుంది! సాలు చివర ఎద్దులు మళ్లినట్టే! పోనీ, ప్రతి వరుసా అలాగే మళ్లుతుందా? అదీ లేదు! మధ్యలో చెక్కేవాడు మనసు మార్చుకున్నాడు! 2,200 ఏళ్లు దాటిన ఈ తిక్క రాతను చదవాలంటే కళ్లు అటూ ఇటూ పరుగెత్తాల్సిందే!

గ్రీకులూ తక్కువేం తినలేదు! క్రీ.పూ. 6వ శతాబ్దపు రాతల్లో వాళ్లవీ ఇలాంటి మళ్లే వరుసలే! తిరుగు వరుసలో అక్షరాలే ఎడమ కుడి తారుమారు! పదాల మధ్య ఖాళీ? చాలాచోట్ల ఉండదు! పదం ఎక్కడ తెగిందో మనమే పట్టుకోవాలి!

ఇది మాత్రం నమ్మబుద్ధి కాదు! ఏథెన్స్‌లో అపోలో దేవుడికి ఒక బలిపీఠం ఉండేది. దాని మీద అక్షరాలు మసకబారాయని చరిత్రకారుడు థూసిడిడీస్ అప్పుడెప్పుడో రాసేశాడు. 1877లో ఆ రాయి ముక్కలు దొరికాయి. చూస్తే ఏముంది? అక్షరాలు చెక్కుచెదరలేదు! మరి ఆయనకెందుకు కనబడలేదు? గాట్లలో నింపిన రంగు అప్పటికే వెలిసిపోయి ఉంటుందని పండితుల ఊహ! నాకైతే ఈ మాట భలే నచ్చింది!

మళ్లీ మన ఎర్రగుడికి! అంత పెద్ద బండలు, అంత రాత. అయినా పండితుల కంట పడింది 1929లోనే! కనిపెట్టింది ఎవరు? లిపి పండితుడు కానే కాదు, భూగర్భ శాస్త్రవేత్త!

చాగలమర్రి దాటితే కడప జిల్లా. అక్కడి కలమళ్ల శాసనం తెలుగులో దొరికిన తొలి శాసనంగా పేరుపడింది! వయసు? సుమారు క్రీ.శ. 575 నాటిది! అంటే ఎర్రగుడి రాత దానికి ఎన్ని తరాల ముత్తాతో లెక్కేసుకోండి!

మరి ఇలాంటి రాతలను తీరిగ్గా చదవడం ఎలా? రాయిని ఇంటికి తేలేం. అందుకే తడి కాగితం! రాతి మీద పరిచి బ్రష్షుతో కొడితే గాట్లలోకి దిగుతుంది. ఇక్కడినుంచి దారులు 2! మనవాళ్లు పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి! గ్రీకు శాసనాలవాళ్లు చాలావరకు సిరా జోలికే పోరు. ఆరిన కాగితాన్ని వెనక్కి తిప్పి, ఉబ్బిన అక్షరాలను తారుమారు దిశలో, అంటే కుడి నుంచి ఎడమకు, చదివేస్తారు!