సినిమాలంటే మండిపడే హీరో!

హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కి సినిమాలంటే ఒళ్లుమంట! అన్నయ్య హాలీవుడ్‌కి రాయడమూ గిట్టదు. 1951లో వచ్చిన శాలింజర్ నవల 'ది క్యాచర్ ఇన్ ది రై'లో కుర్రహీరో ఇతగాడు. పదహారేళ్లు. నాలుగు సబ్జెక్టులు తప్పాడని స్కూల్నించి పంపేశారు. న్యూయార్క్‌లో కనబడ్డవాళ్లందరివీ దొంగవేషాలే అంటాడు.

పొగరంటారా? నేననను. తమ్ముడు ఆలీ లుకేమియాతో పోయిన రాత్రి గరాజ్ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లాడండీ! ఆకుపచ్చ సిరాతో ఆలీ కవితలు రాసుకున్న బేస్‌బాల్ గ్లౌజుని పెట్టెలో దాచుకున్నాడు. చలికి చెరువు గడ్డకడితే బాతులెక్కడికి పోతాయని టాక్సీవాళ్లని అడుగుతాడు. నవ్వొస్తుంది. కానీ తమ్ముడి సంగతి అడగలేక బాతుల్ని అడ్డం పెట్టుకున్నాడేమో అనిపించింది నాకు.

అన్నట్టు, శాలింజర్ కథతో హాలీవుడ్ 1949లో 'మై ఫూలిష్ హార్ట్' తీసింది. ఆయనకు నచ్చలేదు. 2010లో కన్నుమూసేదాకా ఈ నవల హక్కులు ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చినా హోల్డెన్ ఒప్పుకునేవాడంటారా?