పైకి కనబడని పంటి జబ్బు

“లవంగం నొక్కిపెట్టుకుంటే పోయేదానికి డాక్టరెందుకు?” అంటూ ఆరు నెలలు నెట్టుకొచ్చాను. మా భవానీపురం ఇరుగుపొరుగు చెప్పిన చిట్కాలన్నీ అయ్యాయి. చివరికి దవడ వాచి ముద్ద మింగుడుపడక ఆస్పత్రికి వెళ్ళాను.

ఓపీజీ ఎక్స్‌రే తీయించమన్నారు. కమ్మలు, ముక్కుపుడక, మెడలో గొలుసులు తీసేయాలి. లేకపోతే వాటి నీడ ఫొటోలో పడుతుంది. గర్భిణులు ముందే చెప్పాలి. గడ్డం ఆనించి కదలకుండా నిలబడితే మిషను తల చుట్టూ తిరుగుతుంది. నిమిషం పట్టదు, నొప్పుండదు. రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే ఫొటోలో వస్తాయి. నాకు పైకి చిన్న పుచ్చే, వేరు కింద మాత్రం నల్లని నీడ! అక్కడ ఎముక కరిగిపోయిందట. “ముందే వస్తే పన్ను దక్కేదమ్మా” అన్నారు డాక్టరుగారు.

అయితే ఎక్స్‌రేలో అన్నీ కనబడవు. నోట్లో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు ఉంటే డాక్టరుకు చూపించాలి. అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. క్యాన్సరని తేలితే ఎంతవరకు పాకిందో సీటీ, ఎమ్మారై స్కాన్లలో తెలుస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పు లోపలపెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిట్లో క్యాన్సరు రావడం డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నదే. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు కూడా.

ఇంటిల్లిపాదినీ కనిపెట్టుకునే మనం నెలకోసారైనా అద్దం ముందు నోరు తెరిచి చూసుకుందాం!