బళ్ళారి గుట్ట కంప్యూటర్లో ఎందుకు రాదు?

బ్లెండర్‌లో కొండ చెయ్యడం తేలికే. సాఫ్ట్‌వేరు ఉచితం, ఏ.ఎన్.టి. ల్యాండ్‌స్కేప్ అనే యాడాన్ పెట్టుకుంటే నిమిషంలో కొండ తయారు. కాకపోతే అది ఏ మంచుదేశపు కొండలాగో ఉంటుంది, మన బళ్ళారి గుట్టలా మాత్రం ఉండదు. ముందు మన రాయి అలా ఎందుకుందో తెలియాలి.

మనది గ్రానైట్. రాయి అడ్డంగా, నిలువుగా పగులుతుంది. ఆ పగుళ్ళలోకి నీళ్ళు దిగి మూలలు ముందు అరుగుతాయి. అందుకే గుండ్రటి బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు మిగులుతాయి. (అమ్మ బండ అంటుంది, నాన్న కన్నడంలో బండె అంటారు. మా ఇంట్లో గొడవ లేని మాట ఇదొక్కటే!) కాబట్టి ఊరికే గరుకు పెంచుకుంటూ పోకండి. పెద్ద దిమ్మెను ముక్కలుగా కోసి, బెవెల్‌తో మూలలు గుండ్రం చెయ్యండి.

తర్వాత గాలి. చాలామంది వదిలేసేది ఇదే. దూరపు కొండలు పాలిపోయి కొంచెం నీలంగా కనిపిస్తాయి, ఎందుకంటే గాలి నీలి వెలుగుని ఎక్కువగా చెదరగొడుతుంది. మిస్ట్ పాస్ తీసుకుని దూరాన్నిబట్టి ఆ రంగు కలపండి. మన ఎండాకాలంలో దుమ్ము కూడా ఉంటుంది కదా, అది అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది. అప్పుడు నీలం తగ్గించి తెలుపు పెంచాలి.

సన్ లైటు కోణం అర డిగ్రీ చాలు, ఆకాశంలో సూర్యుడు కనిపించే వెడల్పు అంతే. మధ్యాహ్నం ఎండ వద్దు. సాయంత్రం 5 గంటలప్పుడు పక్కనుంచి పడే వెలుగులోనే బండ గుండ్రదనం తెలుస్తుంది.

కింద ఒక మేకనో కరెంటు స్తంభాన్నో పెట్టండి. లేకపోతే అది గుట్టో గులకరాయో చూసేవాళ్ళకి అంతుపట్టదు.