మీకు తెలుసా? ఇందూరు పక్కనే ఓ గ్రీసు

గుడారం, స్టవ్వు కారులో పడేసుకుని గ్రీసు శిథిలాలు చుట్టి రావాలని చాలామందికి ఉంటుంది. వీసా వచ్చేలోపు ఇందూరు, అంటే నిజామాబాద్ నుంచి బోధన్ మీదుగా కందకుర్తి దాకా ఓసారి వెళ్లి రండి. పొద్దున బయల్దేరితే పొద్దుగూకేసరికి ఇల్లు చేరొచ్చు.

• నిజామాబాద్ ఖిల్లాలో ఇప్పుడు రామాలయం ఉంది. నిజాం హయాంలో అదే కోట జైలు కూడా. అక్కడ ఖైదీగా ఉన్న కవి దాశరథి కృష్ణమాచార్య బొగ్గు ముక్కతో గోడల మీద పద్యాలు రాశారు.

• బౌద్ధ గ్రంథం అంగుత్తర నికాయ చెప్పిన 16 మహాజనపదాల్లో గోదావరి తీరానిది ఒక్క అశ్మకమే. దాని రాజధాని బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

• పౌదనపురంలో బాహుబలి మహా విగ్రహం ఉందని విని మంత్రి చావుండరాయడు తల్లితో దర్శనానికి బయల్దేరాడని జైనుల కథ. అది దొరక్కపోయేసరికి 10వ శతాబ్దం చివర్లో శ్రవణబెళగొళలో కొత్త విగ్రహం చెక్కించాడట. ఆ పౌదనపురం కూడా బోధనే అంటారు.

• ఏథెన్స్‌లోని పార్థెనాన్ క్రీ.పూ. 5వ శతాబ్దంలో అథీనా దేవతకు కట్టిన గుడి. తర్వాత చర్చి అయింది, 15వ శతాబ్దంలో మసీదు అయింది. బోధన్ దేవల్ మసీదు కథా అలాంటిదే. నక్షత్రం ఆకారంలో కట్టిన పాత గుడి 14వ శతాబ్దంలో, తుగ్లక్‌ల కాలంలో మసీదుగా మారింది. బయటి గోడ చుట్టూ నడిస్తే అడుగడుక్కీ ఒక మూల ముందుకొస్తుంది, మరోటి లోపలికి పోతుంది. లోపల స్తంభాల మీద చెక్కడాలు ఇంకా కనబడతాయి. పార్థెనాన్‌కు ఆ అదృష్టం పట్టలేదు. 1687లో వెనిస్ సేనల ఫిరంగి గుండు పడి, లోపల దాచిన తుపాకి మందు పేలడంతో నడిభాగం కూలింది.

• ఈ దారిలో అన్నిటికన్నా కొత్త శిథిలం శక్కర్‌నగర్‌లో ఉంది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందింది. నిజాంసాగర్ నీళ్లు, చుట్టూ చెరకు దానికి బలం. 2015లో గానుగ ఆగింది.

• మంజీర, హరిద్ర నదులు వచ్చి గోదావరిలో కలిసే చోటు కందకుర్తి. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేదీ ఇక్కడే. నదిలోని పాత రాతి శివాలయం వరదొస్తే మునిగిపోతుంది. చూడాలంటే నీళ్లు తగ్గాక, ఎండాకాలం వెళ్లండి.