ఏటి యొడ్డున ఇంటి అలంకరణ

భవానీపురములో ఇంటి అలంకరణను గురించి మాటలాడబూనినపుడెల్ల నాకు 2024 సెప్టెంబరు మాసారంభము జ్ఞప్తికి వచ్చును. ఆ దినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడలో పెక్కు పేటలను ముంచెను. ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులకు మించి పారెను. భవానీపురములోను పల్లపు వీధులు కొన్ని నీట మునిగెను. నీరు తీసిన పిమ్మట ఆ వీధులలో ఇండ్ల ముందు సామాను కుప్పలు పడెను. టెలివిజను బల్లలు, వంటగది అరల తలుపులు, దూది పీల్చుకొనిన నీటితో ఇద్దరు మోయలేనంత బరువెక్కిన సోఫాలు అందులో ఉండెను. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలు నానిన అటుకులవలె ఉబ్బి పొరలు విడిపోయినవి. మాకు తెలిసిన ఒక యింటిలో మాత్రము నాయనమ్మగారి నాటి టేకు భోషాణమును కడిగి, పది దినములు నీడన ఆరబెట్టి, తిరిగి దాని చోట దానిని నిలిపిరి. మూత కొంచెము బిగిసినది, అంతే.

ఆ యింటి ఇల్లాలు నన్ను చూచి, “అన్నయ్యగారూ, మళ్లీ మొదటినుంచి సర్దుకోవాలి. ఏ పద్ధతిలో సర్దుకుంటే బాగుంటుందో కాస్త చెప్పండి” అని అడిగెను. ఆమె చేతిలో ఒక అంగడివారి రంగుల పుస్తకము ఉన్నది. అందులో ఫ్రెంచి పద్ధతి, విక్టోరియా పద్ధతి, ఇంగ్లీషు పల్లెయింటి పద్ధతి, ఆధునిక పద్ధతి అని వేర్వేరు పుటలు గలవు. అప్పటికి తడుముకొని ఏదియో చెప్పితిని. తాపీగా ఆలోచించి చెప్పవలసిన సమాధానము ఇది.

ఆ పద్ధతులు ఏ దేశపు గాలిలో పుట్టినవో ముందు చూడవలెను. పదునైదవ లూయీ రాజు కాలమున, అనగా 18వ శతాబ్దములో, ఫ్రాన్సు దేశపు ధనికులు వంకర కాళ్ల కుర్చీలు, బంగారు పూత పూసిన చెక్కడపు తీగలు, నిలువుటద్దములు గల గదులను మెచ్చిరి. ఇంగ్లండులో థామస్ చిప్పెండేలు అను వడ్రంగి 1754లో తన నమూనాలతో పుస్తకమునే అచ్చు వేయించెను. కుర్చీ వీపునకు ఆయన పేరు నేటికిని నిలిచియున్నది. విక్టోరియా రాణి నాటి గదిలో మఖమలు తెరలు, దళసరి తివాచీలు, కాలు పెట్టుటకు చోటు లేనన్ని చిన్న బల్లలు. అది మంచు పడు దేశము. గోడలోని పొయ్యి వేడిని గదిలో నిలుపుకొనుటకు వారికి బరువైన తెర అవసరము. మే నెలలో 45 డిగ్రీలు దాటు దినములను చూచు మన ఊరిలో అదే తెర వేడిని లోపల బంధించును, దుమ్మును దాచుకొనును, ఆషాఢము వచ్చుసరికి బూజు వాసన కొట్టును. ఇక ఆధునిక పద్ధతి యనబడునది 1919లో జర్మనీలోని వైమారునందు వెలసిన బౌహౌస్ పాఠశాల వంటి చోట్ల రూపు దిద్దుకొన్నది. నగిషీ తీసివేసి, వస్తువును దాని పనికి తగినట్లు చేయవలెననిరి. ఆ మాట మనకు కొంత చెల్లును.

ఆ పుస్తకములో నా చూపును నిలిపినది ఇంగ్లీషు పల్లెయింటి పుట. తెల్లని నేల మీద ఎర్రని పూవులు, అల్లుకొనిన తీగలు గల గుడ్డ. తెరలకు అదే, దిండ్లకు అదే. ఇది అచ్చమైన ఆంగ్లేయుల అలంకరణమని క్రింద వ్రాసియున్నది. ఆ గుడ్డ పుట్టినిల్లు మాత్రము మన కోరమండల తీరము. దానికి పేరుమోసిన రేవులలో ఒకటి ఇచటికి సుమారు 70 కిలోమీటర్ల దూరములోని బందరు.

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు 1611లో బందరున వర్తకశాలను పెట్టిరి. డచ్చివారు అంతకు కొంచెము ముందే చేరియుండిరి. తూర్పు దీవులలో లవంగములకు, జాజికాయలకు మారకముగా ఇచ్చుటకు మన అద్దకపు గుడ్డలను వారు మొదట కొనిరి. క్రమముగా వీనిని స్వదేశములకును పంపిరి. అచటి స్త్రీలకు ఆశ్చర్యము కలిగించినది రంగు. ఎన్నిసార్లు ఉతికినను ఎరుపు వెలియదు. దాని రహస్యము మన అద్దకపువారి చేతిలో ఉండెను. గుడ్డను కరక్కాయ కషాయములోను పాలలోను నానబెట్టి ఆరవేయుదురు. ఇనుప ముక్కలను బెల్లముతో పులియబెట్టిన నీరు కరక్కాయతో కలిసి నలుపగును. ఎరుపు రావలసిన చోట పటిక నీరు అద్ది, ఆ పిమ్మట గుడ్డను చిరువేరు వేసిన కాగులో ఉడికింతురు. పటిక తాకిన మేరకు ఎరుపు పట్టును. తక్కిన చోటు ఏటి నీటిలో జాడించి ఎండవేయగా తిరిగి తెలుపగును. సముద్రతీరమున గుల్ల కలిసిన ఇసుక నేలలలో పెరిగిన చిరువేరు ఆ ఎరుపునకు పేరు పొందినది.

ఈ గుడ్డలకై ఐరోపాలో ఎంత మోజు పుట్టెననగా ప్రభుత్వములే భయపడినవి. స్వదేశపు పట్టు, ఉన్ని నేతవారికి పని పోవునని 1686లో ఫ్రాన్సు దేశము అద్దకపు గుడ్డలను నిషేధించెను. ఆ నిషేధము 1759 వరకు నడిచెను. ఇంగ్లండు 1700లో దిగుమతిని కట్టడి చేసి, 1721లో ధరించుటనే గాక పడకలకు, కుర్చీలకు, కిటికీలకు వాడుటను సైతము నేరముగా చేసెను. డేవిడ్ గారిక్ అను సుప్రసిద్ధ నటుని కథ ఇచట చెప్పక తప్పదు. కలకత్తాలోని మిత్రులు ఆయన దంపతులకు బందరు అద్దకపు తెరలను కానుకగా పంపిరి. చిప్పెండేలు పనివారు చేసిన పందిరి మంచమునకు వానిని కట్టవలెనని ఆమె ముచ్చట. 1775 ప్రాంతమున సుంకపు అధికారులు ఆ గుడ్డలను పట్టుకొనిరి. ఇంగ్లండు అంతట చేతులు తట్టించుకొనిన నటుడు ఒక మంచపు తెర కొరకు అధికారులను బతిమాలుకొనవలసి వచ్చెను! ఆ మంచము, ఆ తెరలు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమున నేడును ఉన్నవి. కావున ఆ ఇల్లాలితో నేను, పల్లెయింటి పుటలోని గుడ్డ కొరకు పుస్తకము నడుగనక్కరలేదు, పెడన పోయిన చాలునంటిని.

గుడ్డ సంగతి అట్లుండగా, గది సంగతికి మన పాత మండువా లోగిలిని చూడవలెను. కృష్ణా, గోదావరి మండలముల పల్లెలలో ఇవి నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. వీధి నుండి మెట్లెక్కి అరుగు మీదికి, అరుగు నుండి గడప దాటి లోనికి పోవుదుము. ఆ ఎత్తు అందము కొరకు కట్టినది కాదు. వానకాలపు నీటిని వీధిలోనే ఉంచుటకు. లోపల నడుమ ఆకాశమునకు తెరచిన చోటు, దాని చుట్టును కొయ్య స్తంభముల మీద వాలిన పెంకుల చూరులు. వాన నీరు నలువైపుల నుండి మండువాలోనికి జారి తూము గుండ వెలుపలికి పోవును. వేడెక్కిన గాలి పైకి లేచిపోవును. వెలుతురు నెత్తి మీద నుండి దిగి, చుట్టునున్న వసారాలలోనికి మెత్తగా పరచుకొనును.

అచట సామాను ఎక్కడ ఉన్నదో గమనింపుడు. నడుమ ఏమియు లేదు. ఆ చోట వడియములు ఎండును, పిల్లలు ఆడుకొందురు, పెండ్లినాడు పీటలు వేయుదురు, వేసవి రాత్రి నులకమంచములు పరచుదురు. వస్తువులన్నియు గోడనో పైకప్పునో ఆశ్రయించియున్నవి. కండువాకు చిలకకొయ్య, దీపమునకు గూడు, బట్టలకు దండెము, పాలకు పెరుగునకు ఉట్టి, ఏడాదికొకసారి వాడు గంగాళములకు అటక. నేల మీద బరువైనది భోషాణమొక్కటే. ఊయల బల్ల కూడ గొలుసుల మీద వ్రేలాడును. అలంకరణమన్న గడపకు పసుపు కుంకుమ, వాకిట ముగ్గు, ద్వారబంధపు చెక్కడము, వరుస పెట్టిన ఇత్తడి బిందెల మెరుపు. ఆ యిండ్లలో వంటసాల పొగ, వెనుక గదుల చీకటి ఉండెననుటయు నిజమే. అందు జీవితమంతయు గడపిన స్త్రీలను అడిగిన తెలియును. మండువాను తెచ్చుకొందము, వంటసాలను అచటనే వదలుదము.

రెండు గదుల అపార్టుమెంటులోనికి మండువాను తెచ్చుట యెట్లు? గది నడుమను ఖాళీగా ఉంచుటయే. పది పన్నెండు అడుగుల హాలులో ఐదుగురు కూర్చుండు సోఫాయు, దాని నడుమ గాజు బల్లయు చేర్చినచో మనుష్యులు పక్కవాటుగా నడువవలసి వచ్చును. గోడ ప్రక్కన ఒక దివాను, చేత ఎత్తి జరుపగల రెండు పేము కుర్చీలు, చుట్టి మూల నిలుపదగిన తుంగచాప చాలును. ఊయల బల్ల మీద మక్కువ గలవారు కొక్కెములను కాంక్రీటు దూలములో దిగవేయించుకొనవలెను. అలంకారపు సీలింగునకు తగిలించినచో ప్రమాదము.

సామాను కొనునపుడు రూపము కంటె ముందు చెక్కను అడుగవలెను. పొట్టు పలకలు చౌకగా దొరకును గాని తడి తగిలిన మరల కోలుకొనవు. ప్లైవుడ్డు కొనినచో, నీటి కోర్చు రకమునకు ఐ.ఎస్. 710 అను ముద్ర ఉండును. వంటగదికి, స్నానపుగది పరిసరములకు అది తగును. వంటగది అరలను చెక్క పీఠము మీద గాక, రాతి లేక సిమెంటు గట్టు మీద నిలిపినచో రోజూ నేల తుడుచు నీరు వానికి తగులదు. బీరువాకు, మంచమునకు ఆరంగుళముల కాళ్లుండిన చీపురు ఆడును, గాలి ఆడును. నిలువెత్తు ముంపును ఆ కాళ్లు ఆపలేవు గనుక, క్రింది అంతస్తు వారికి అటక తప్పనిసరి. ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, పెండ్లి ఫొటోలు ఒక ప్లాస్టిక్ పెట్టెలో అచటనే ఉండవలెను.

ముంపు నీరు తాకిన గోడకు తొందరపడి రంగు వేయించిన ఇండ్లను చూచితిని. లోపలి తడి వెలుపలికి రాలేక, రంగు బొబ్బలెక్కి రాలినది. గోడను గీకించి కిటికీలు తెరచి వారములకొద్ది ఆరనీయవలెను. ఆరినదో లేదో తెలియుటకు, జానెడు పాలిథీన్ కాగితమును నాలుగు అంచుల గోడకు అంటించి ఒకనాడు ఉంచుడు. దాని లోపల చెమట పట్టినచో ఇంకను తడి యున్నదని అర్థము. తడి వదలని క్రింది భాగమునకు నూనె రంగు కంటె సున్నము మేలు. సున్నపు గోడ తడిని బయటికి వదలును, మాపు పడిన మరల పూయుట సులభము. పడమటి కిటికీకి లోపలి తెర కంటె వెలుపల కట్టిన వెదురు తడిక ఎక్కువ చల్లదనమిచ్చును. ఎండ అద్దమును తాకక ముందే ఆగును. వట్టివేళ్ల తడిక పొడి వడగాలి వీచు మధ్యాహ్నము చక్కగా పనిచేయును. సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత పట్టిన సాయంకాలము దానిని తడుపుట వృథా.

పూర్వము ఇండ్లలో రేడియో పెట్టెకును ఒక సింహాసనముండెడిది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రము ఆరంభమైన పిమ్మట ఎత్తయిన గోడ అరలు వెలసి, వాని మీద కుట్టుపూల గుడ్డ కప్పిన సెట్లు కొలువుదీరెను. పాత వాల్వు సెట్టును ఇంకను వాడువారు పాడించునపుడు ఆ గుడ్డ తీయవలెను. లోపలి దీపములు వేడెక్కును. ఎత్తైన అర మాత్రము మంచి ఆలోచనయే.

ఇక పెడన గుడ్డ కొనుట. ఇప్పుడు టేకు అచ్చులతో అద్దుచున్నారు. చిరువేరు స్థానములో చాలవరకు అలిజరిన్ వచ్చినది. యంత్రపు అచ్చులో ప్రతి పూవును ఒకటే. చేతి అద్దకములో అచ్చునకు అచ్చునకు నడుమ వెంట్రుకవాసి తేడా కనబడును. దానిని లోపమని బేరమాడవలదు. చిన్న గదికి చిన్న పూవు నప్పును. కిటికీ నాలుగడుగుల వెడల్పైన, కుచ్చులు పడుటకు ఆరు మొదలు ఎనిమిది అడుగుల వెడల్పు గుడ్డ కావలెను. ఎండ పొడ తగులు కిటికీకి వెనుక తెల్లని అస్తరు వేయింపుడు. మొదటి ఉతుకు విడిగా చల్లని నీటిలో, ఆరబెట్టుట నీడలో.

హైదరాబాదు రహదారిని పడమటికి పోయిన కొండపల్లి వచ్చును. అచటి బొమ్మలను తేలికైన పొణికి కర్రతో చెక్కి, చింతగింజల పిండి కలిపిన మక్కుతో ముక్కలను అతికి రంగులు వేయుదురు. నీరు, ఎండ రెండును వానికి పడవు. తడిగుడ్డతో తుడువక మెత్తని కుంచెతో దులుపవలెను. ఉన్న బొమ్మలన్నియు ఒకేసారి గాజు బీరువాలో క్రిక్కిరియ పెట్టినచో దేనిని చూడము. జపానువారు గదిలో ఒక మూల గూడు వంటి చోటు ఏర్పరచి, అందు ఋతువునకు తగిన ఒక్క పటమును, ఒక్క పూలగుత్తిని ఉంతురు. మనమును గోడ అర మీద ఒకమారు అంబారీ ఏనుగును, మరొకమారు దశావతారములను ఉంచవచ్చును. తక్కినవి సంక్రాంతి బొమ్మలకొలువు వరకు పాత నూలుబట్టలో చుట్టి, నడుమ ఎండిన వేపాకు వేసి, అటకమీది పెట్టెలో నుండును.