తాబేలు ఏడ్చునా? ఉపన్యాసమును పరీక్షించు విధానము

సుమారు జనవరి నుండి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై బంగాళాఖాతపు తీరమునకు వచ్చును. ఒడిశాలోని గహిర్‌మఠ, ఋషికుల్య తీరములకు ఇవి వేలకొలదిగా ఒక్కుమ్మడి చేరును. ఆంధ్రతీరమున విడివిడిగా, అక్కడక్కడ గ్రుడ్లు పెట్టును. ఆ దినములలో వీటిని గూర్చి పాఠశాలలందు ఉపన్యాసములు జరుగుట కద్దు. ఉపన్యాసము రసవత్తరముగా నున్నంత మాత్రమున అందలి మాటలన్నియు సత్యములని చెప్పజాలము. "ఈ సంగతి ఏ పరిశీలన వలన తెలిసినది?" అని శ్రోత ప్రతి వాక్యమునకు ప్రశ్న వేసికొనవలెను. అట్టి ఉపన్యాసములలో తరచుగా వినవచ్చు నాలుగు వాక్యములను పరీక్షింతము.

"గ్రుడ్లు పెట్టునపుడు తల్లి తాబేలు బాధతో ఏడ్చును." కంట నీరు కారుట కన్నులారా చూచినదే, బాధ యనునది మాత్రము ఊహ. సముద్రపు తాబేలునకు కంటి దగ్గర లవణగ్రంథులు కలవు. దేహములో అధికమైన ఉప్పును అవి చిక్కని ద్రవముగా వెలికి పంపును. నీటిలో నున్నపుడు కూడ ఈ పని జరుగుచునే యుండును. ఒడ్డున మాత్రమే మనకు కనబడును.

"తాబేలు తాను పుట్టిన చోటికే తిరిగివచ్చును." గ్రుడ్లు పెట్టవచ్చిన తాబేలు రెక్కకు లోహపు బిళ్ల తగిలించి, మరల అదే తీరమున దానిని గుర్తించిరనుకొందము. అది మునుపు గ్రుడ్లు పెట్టిన చోటికి వచ్చినదని మాత్రమే దీనివలన తేలును. అక్కడనే పుట్టినదని తేలదు. పుట్టుకను గూర్చిన సాక్ష్యము తల్లి నుండి సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. పరీక్షల వలన లభించినది. ఆ సాక్ష్యము పుట్టిన ప్రాంతమును సూచించునేగాని, ఫలానా ఇసుకతిన్నె యని చూపదు.

"వేయి పిల్లలలో ఒక్కటియే బ్రతుకును." లెక్కించిన వారెవరు? అరచేతిలో ఇముడు పిల్ల సముద్రములో కలిసిపోయిన పిదప, అది పెరిగి పెద్దదగుటకు పదేండ్లకు పైగా పట్టును. అన్నిటిని వెంబడించి లెక్కించుట అసాధ్యము. కావున ఇది అంచనాయే. మంచి ఉపన్యాసకుడు ఆ మాట దాచడు.

"ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో యగును." వినుటకు వింతగా తోచినను, నాలుగింటిలో గట్టి ఆధారము గలది ఇదియే. గ్రుడ్లను వేరువేరు ఉష్ణోగ్రతలలో ఉంచి ప్రయోగములు చేసిరి. సుమారు 29, 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద రెండు జాతుల పిల్లలును పుట్టును. వేడి హెచ్చినచో ఆడవి, తగ్గినచో మగవి అధికమగును.

ఈ పరీక్ష కేవలము తప్పులెన్నుటకు కాదు. తాబేలు ఏడ్చునని నమ్మినవాడు జాలిపడి ఊరకుండును. ఇసుక వేడి సంగతి తెలిసినవాడు గ్రుడ్లను పొదిగించు ఆవరణకు నీడ అవసరమా యని ఉష్ణమాపకముతో చూచును. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చునని గ్రహించినవాడు, ట్రాల్ వలలో చిక్కి నీట మునిగియున్నచో అది ఏల చచ్చునో తెలిసికొని, వలకు తాబేలు తప్పించుకొను మార్గము అమర్చవలెనని కోరును. ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఉపాధ్యాయుడు నల్లబల్లపై మూడు గడులు గీచి, విన్న మాటలను "చూచినది", "ప్రయోగమున తేలినది", "ఊహించినది" అని విద్యార్థులచే విభజింపజేసినచో, ఆ పాఠము తాబేలుతోనే ముగియదు.